చందా డబ్బు మీది కాదమ్మా

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. తెనాలిలో ఒక హైస్కూల్లో పాతికేళ్ళు తెలుగు టీచరుగా చేసి ఈమధ్యే మానేశాను. పీఎఫ్, దాచుకున్నది కలిపితే ఎనిమిది లక్షలుంది. నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే నిండా పాత పత్రికలు: భారతులు, యువ దీపావళి సంచికలు, చందమామలు. అవి చదివిన దగ్గర్నుంచీ కథల మాసపత్రిక పెట్టాలని పట్టుదల పుట్టింది. 64 పేజీలు, 50 రూపాయల ధర. మొదటి నెల 3,000 కాపీలు వేసి రెండు రాష్ట్రాల్లోనూ బుక్‌స్టాళ్ళకి పంపాలని ఆలోచన. రచయితలైన స్నేహితులు ఊరికే రాసిస్తామన్నారు. మావారు డబ్బు బ్యాంకులో వేయమంటున్నారు. మా అబ్బాయి ఇంటర్నెట్‌లో పెట్టు, ఖర్చుండదంటాడు. లక్షల మంది చదివిన పత్రికలే మూతపడ్డాయి కదా, నేను చేయబోయేది తప్పా?
– ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా,

తప్పు కాదు. కాకపోతే మీరు రాసిన పద్ధతిలో చేస్తే పదిహేడో నెల సంచికకి డబ్బుండదు. ఆ లెక్క తర్వాత వేసి చూపిస్తాను. ముందు మీ నాన్నగారి పెట్టె దగ్గరికి వద్దాం. మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

ఆ భారతుల్లో కథలూ పద్యాలూ చదివారు. ఇప్పుడు ప్రకటనల పేజీలు తిప్పండి. అమృతాంజనం ఎక్కడో ఒకచోట కనిపించకపోదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ మందు మొదలుపెట్టింది 1893లో, బొంబాయిలో. ఆంధ్రపత్రిక వారపత్రికగా బయటికొచ్చింది పదిహేనేళ్ళ తర్వాత, 1908లో, అదీ బొంబాయి నుంచే. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. భారతి 1924లో పుట్టింది. వరస గమనించారా? ముందు తలనొప్పి మందు, దాని మీద లాభం, ఆ లాభం మీద పత్రికలు. భారతిలో అచ్చయిన పరిశోధన వ్యాసాలు ఎంతమంది కొని చదువుతారో లెక్క చూసుకుని వేసినవి కావు. ఆ ఖర్చు మోయడానికి పసుపుపచ్చ సీసా ఒకటి ఉంది కాబట్టి వేయగలిగారు.

ఇప్పుడు చందమామ తీయండి. దాని వెనకున్న చక్రపాణి మీ తెనాలివారే, ఐతానగరం. బి.నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలుపెట్టారు. నాగిరెడ్డిగారికి అప్పటికే సొంత ప్రెస్సుంది. ఆ తర్వాత భాషలు పెరిగి డజను దాటాయి. బొమ్మ ఒక్కసారి గీయిస్తే అన్ని భాషలకూ అదే బొమ్మ. కొడవటిగంటి కుటుంబరావుగారు తెలుగులో కూర్చిన సంచిక మిగతా భాషల్లోకి వెళ్ళేది. ఒక్క భాషలోనే అమ్ముకోవాల్సి వస్తే నెలనెలా వడ్డాది పాపయ్య అట్ట, శంకర్, చిత్ర లోపలి బొమ్మలు, అంత రంగుల అచ్చు ఆ ధరకి ఇవ్వడం ఎవరి తరమూ కాదు. పిల్లల చేతికొచ్చింది ఒక పుస్తకం. దాని ఖర్చు పంచుకున్నది ఎన్నో భాషల పిల్లలు.

ఇంకా వెనక్కి వెళ్ళినా ఇంతే. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు మద్రాసులో అచ్చు వేయించుకునేవారు. ఆ అవస్థ పడలేక రాజమండ్రిలో ప్రెస్సు పెట్టుకున్నారు. 1922లో వరంగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి అనే పల్లెటూళ్ళో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. రాసేదీ వాళ్ళే, అక్షరాలు కూర్చేదీ వాళ్ళే, అచ్చొత్తేదీ వాళ్ళే. నిజాం రాజ్యంలో, ఒక పల్లెలో, ఇద్దరన్నదమ్ములు! ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళ వెనక అమృతాంజనం లేదు. వాళ్ళ చేతులే వాళ్ళ పెట్టుబడి.

తర్వాత వారపత్రికల రోజులొచ్చాయి. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వీక్లీలు. మీ అమ్మగారి తరం సీరియల్ కోసం గుమ్మంలో కాసుకు కూర్చున్న రోజులు. వీటన్నిటికీ వెనక దినపత్రిక ఉంది. ప్రెస్సు దానిది, కాగితం దానిది, తెల్లారుజామున ఊరూరా దిగే పార్శిల్ దానిది, డబ్బు వసూలు చేసే ఏజెంటు దానివాడు. వారపత్రిక ఆ బండెక్కి వెళ్ళింది. దినపత్రిక అండ లేకుండా నిలబడ్డవాటిలో పెద్దది స్వాతి. వేమూరి బలరాంగారు 1970లో విజయవాడలో మాసపత్రికగా మొదలుపెట్టారు, వీక్లీ 1984లో వచ్చింది. మాసపత్రికతో పాటు ఒక నవల మొత్తం అనుబంధంగా ఇచ్చేవారు. ఒక పుస్తకం ధరకి రెండు చేతికొస్తుంటే ఇంటావిడ ఎందుకు వదులుకుంటుంది?

మరి లక్షల మంది చదివిన పత్రికలు ఎందుకు మూతపడ్డాయంటారా? పాఠకులు తగ్గడం వల్లే అనుకుంటారు చాలామంది. పాఠకులు తగ్గకముందే దెబ్బ తగిలింది ఇంకోచోట. అమెరికాలో 1893లో ఫ్రాంక్ మన్సీ అనే ఆయన తన మాసపత్రిక ధర పాతిక సెంట్ల నుంచి పది సెంట్లకి దించాడు. పంపిణీ కంపెనీ ఆ ధరకి అమ్మనంటే నేరుగా దుకాణాలకే పంపుకున్నాడు. పాఠకులు విరగబడ్డారు, ఆ పాఠకుల్ని చూపించి ప్రకటనలు అమ్మాడు. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పెద్ద పత్రికల వ్యాపారం అదే దారి పట్టింది: పుస్తకం ఖర్చు కన్నా తక్కువకి అమ్ము, తేడా సబ్బులవాళ్ళ దగ్గరా నూనెలవాళ్ళ దగ్గరా రాబట్టు. ఇందులో ఒక ప్రమాదముంది. ప్రకటనదారుడు ఇంకో గుమ్మం చూసుకున్న రోజున, పాఠకులు ఎంతమంది ఉంటే అంత నష్టం. అమెరికా లైఫ్ వారపత్రిక 1972లో ఆగిపోయేనాటికి దానికి 50 లక్షలకు పైగా సర్క్యులేషనుంది. ప్రకటనలు టీవీకి వెళ్ళిపోయాయి. అచ్చు ఖర్చూ పోస్టు ఖర్చూ మాత్రం 50 లక్షల కాపీలకీ అలాగే ఉండిపోయాయి.

మన దగ్గర అది 1995 తర్వాత జరిగింది. ఆ ఏడాదే జెమినీ వచ్చింది, ఈటీవీ వచ్చింది. సీరియల్ వారానికోసారి కాక రోజూ ఇంట్లోకి వచ్చింది, దాని వెనకే సబ్బుల ప్రకటన వెళ్ళిపోయింది. ఇంకోవైపు దినపత్రికలు ఆదివారం పుస్తకాన్ని పేపరుతో పాటు ఊరికే ఇచ్చాయి. ఊరికే వచ్చేదానితో డబ్బుపెట్టి కొనేది ఎన్నాళ్ళు పోటీ పడుతుంది? చందమామ 1998లో ఆగి, ఏడాది దాటాక మళ్ళీ మొదలై, 2007లో ముంబయి కంపెనీ చేతికి వెళ్ళి, కొన్నేళ్ళకి పూర్తిగా నిలిచిపోయింది. 2020 లాక్‌డౌన్‌లో ఆంధ్రభూమి ఆగింది. చతుర, విపుల కూడా కోవిడ్ దెబ్బ తర్వాత లేచి నిలవలేదు. విపుల వల్ల ఏ దేశం కథైనా తెలుగులో చదువుకున్న తరం నాది. ఆ లోటు ఇంకా తీరలేదు.

ఇక మీ లెక్క. ఇవి మచ్చుకి వేస్తున్న అంకెలు, మీ ఊరి ప్రెస్సులో కొటేషన్ తీసుకుని సరిచేసుకోండి. 64 పేజీల సంచికకి డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చడం), ప్రూఫులు, బొమ్మలు, అట్ట డిజైను, ప్లేట్లు, రచయితల పారితోషికం కలిపి 30,000 అనుకుందాం. ఇది ఒక కాపీ వేసినా పదివేలు వేసినా మారదు. ఆపైన కాగితం, అచ్చు, పిన్ను బైండింగు కాపీకి 18 రూపాయలు. వెయ్యి వేస్తే కాపీ 48 రూపాయలు పడుతుంది, మూడు వేలు వేస్తే 28. ఇక్కడే అందరూ మోసపోతారు. కొత్తగా పెట్టేవాళ్ళందరికీ ఆ 28 తియ్యగా కనిపిస్తుంది. కానీ మీరు ప్రెస్సుకి కట్టేది కాపీ ధర కాదు, మొత్తం 84,000. బుక్‌స్టాళ్ళలో మూడువేలకి 1,100 అమ్ముడుపోయాయనుకోండి, కొత్త పత్రికకి అది మంచి అమ్మకమే. ఏజెంటుకి 35 శాతం పోను కాపీకి 32 రూపాయల 50 పైసలు. చేతికొచ్చేది 35,750. నెలకి 48,250 నష్టం. పార్శిల్ ఖర్చులు, వాపసు కాపీల ఖర్చు ఇంకా కలపలేదు. ఎనిమిది లక్షలు పదహారు నెలలు వస్తాయి. పైగా ఆ 35,750 కూడా వెంటనే రాదు. జనవరి సంచిక డబ్బు చేతికి అందేసరికి మార్చి సంచిక అచ్చుకి వెళ్ళిపోతుంది. ఎప్పుడూ రెండు సంచికల డబ్బు దారిలోనే ఉంటుంది.

అందుకని బుక్‌స్టాళ్ళ ఆలోచన మానేయండి. మాసపత్రిక ఆలోచన కూడా ప్రస్తుతానికి మానేయండి. మూడు నెలలకొకటి, 144 పేజీలు, 150 రూపాయలు, ఏడాది చందా 600. 1966లో వరంగల్లు నుంచి వచ్చిన సృజన కూడా త్రైమాసికంగానే మొదలైంది. కథల పత్రికకి తొందరేం లేదు, మంచి కథకి మూడు నెలల వయసు పెద్దదేం కాదు. అచ్చుకి ముందే 500 మంది చందాదారుల్ని చేర్చండి. చేర్చాకే మొదటి పేజీలు ప్రెస్సుకి ఇవ్వండి. సంచికకి మారని ఖర్చు 50,000, కాపీకి 40 చొప్పున 600 కాపీలకి 24,000, మొత్తం 74,000 అనుకుంటే, 500 చందాల మీద సంచికకి వచ్చేది 75,000. పోస్టు ఖర్చు మాత్రం పైన పడుతుంది. దాన్ని దీపావళి సంచికలో నాలుగు పేజీల ప్రకటనలతో పూడ్చుకోవచ్చు. మీ పెట్టెలో యువ దీపావళి సంచికలు అంత లావుగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ లావులో ప్రకటనల వాటా చిన్నది కాదు.

ఇక అసలు విషయం. దీన్ని మాత్రం మీరు గోడ మీద రాసి పెట్టుకున్నా నాకు సంతోషమే.

నేను విజయవాడలో ఒక వారపత్రికలోనూ, తర్వాత ఒక మాసపత్రికలోనూ పనిచేశాను. మాసపత్రికలో చందాల విభాగం నా చేతికిచ్చారు. నెలనెలా పోస్టు రోజున మధ్యాహ్నం నుంచి కుర్రాళ్ళు నేల మీద వరసగా కూర్చునేవాళ్ళు. ఒకడు సంచిక నిలువుగా మడిచేవాడు, పక్కవాడు కాగితం పట్టీ చుట్టేవాడు, ఇంకొకడు మైదా జిగురు రాసి అడ్రసు చీటీ అతికేవాడు. జిల్లాలవారీగా కట్టలు కట్టి రాత్రికి రిక్షాలో స్టేషన్ పక్కన ఆర్ఎమ్ఎస్‌కి, అంటే రైల్వే మెయిల్ సర్వీసు ఆఫీసుకి, చేర్చేవాళ్ళం. ఆ గదిలో మైదా వాసన, కొత్త సిరా వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఈనాటికీ పెళ్ళిపిలుపు కవరు అతికిస్తుంటే నాకు ఆ గదే గుర్తొస్తుంది.

చందాలు బాగా వస్తున్నాయని యజమాని సంతోషించాడు. ఏడాది చందా, మూడేళ్ళ చందా, జీవిత చందా అన్నాడు. డిసెంబరులో మనియార్డర్లు వచ్చిపడేవి. ఆ డబ్బుతో ప్రెస్సు పాత బాకీ తీర్చాడు, కొత్త ఫర్నిచర్ కొన్నాడు. మార్చి వచ్చేసరికి ఖాతాలో ఏమీ లేదు. చందాదారులకి మాత్రం ఇంకా తొమ్మిది సంచికలు ఇవ్వాలి. జూన్ సంచిక ఆలస్యమైంది. జులై, ఆగస్టు కలిపి ఒకటి వేశారు. తర్వాత ఆగిపోయింది. ఆగిపోతోందని ఒక్క ముక్క కూడా ఎవరికీ రాయలేదు. ఉత్తరాలు మాత్రం నా బల్ల మీదికే వచ్చేవి. ఒక రిటైర్డు మాస్టారు ప్రతి నెలా మొదటి వారంలో కార్డు రాసేవారు. "నాయనా, ఈ నెల పుస్తకం అందలేదు. పోస్టులో పోయిందేమో, ఇంకొకటి పంపగలరు." నాలుగు నెలలు అలాగే రాశారు. ఆయన ఒక్కసారీ మమ్మల్ని అనుమానించలేదమ్మా. పోస్టుమ్యాన్‌నే అనుమానించారు. ఏం జవాబు రాయాలో తెలియక ఆ కార్డులు డ్రాయర్‌లో పెట్టేవాణ్ణి. ఇన్నేళ్ళయినా ఆ అక్షరాలు నా కళ్ళ ముందు అలాగే ఉన్నాయి.

చందా ఆదాయం కాదు, అప్పు. 600 తీసుకున్న రోజున మీరు నాలుగు సంచికలు బాకీ పడ్డారు. ఒకటి పోస్టులో వేసిన రోజున 150 మీదవుతుంది, మిగతా 450 ఇంకా ఆయనదే. అందుకని చందాలకి విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. సంచిక పోస్టు చేశాకే అందులోంచి నాలుగో వంతు తీయండి. రేపు ఆపేయాల్సి వచ్చినా ఎవరి బాకీ వాళ్ళకి తిప్పి పంపగలగాలి. జీవిత చందా అనే మాట పత్రికలో అచ్చేయవద్దు. ఎవరి జీవితమో తెలియని మాట అది.

మొదటి సంచికకి మాత్రం ఖర్చు ముందే పెట్టాలి కదా అంటారు. దానికి మీ సొంత డబ్బుంది. మీవారి మాట సగం వినండి: అయిదు లక్షలు బ్యాంకులో వేసి దాని సంగతి మర్చిపోండి. మూడు లక్షలతో పత్రిక నడపండి. అవి అయిపోతే చందాదారుల బాకీ తీర్చి ఆపేయండి. ఎంతవరకూ వెళ్ళాలో ఇప్పుడే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే, తర్వాత ఇంట్లో ఆ ఊసు గొడవగా మారదు.

స్నేహితులు ఊరికే రాసిస్తామన్నారన్నారు. ఊరికే తీసుకోవద్దు. కథకి వెయ్యి అయినా ఇవ్వండి, సంచికతో పాటే పంపండి. ఊరికే ఇచ్చిన కథని తిప్పి పంపడం కష్టం, బాగు చేయమని అడగడం ఇంకా కష్టం. స్నేహితుల కథలన్నీ వేసుకుంటూ పోతే నాలుగో సంచికకి చదివేవాళ్ళూ రాసేవాళ్ళూ ఆ పాతికమందే మిగులుతారు. పాతికేళ్ళు పిల్లల నోట్సులు దిద్దారు, మీ చేతిలో ఎర్ర పెన్ను ఉంది. పత్రికకి సంపాదకురాలి అవసరం అక్కడే.

పేరు గురించి ఒక మాట. పాత పత్రికల పేర్ల మీద మీకు మక్కువ ఉంటుంది, కానీ రిజిస్ట్రేషన్‌కి ఇప్పటికే రిజిస్టరై ఉన్న పేరుని పోలినదేదీ ఒప్పుకోరు. 1867 నాటి ప్రెస్ చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 మార్చి నుంచి అమలులో ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవాలి. మూడు నాలుగు పేర్లు సిద్ధం చేసుకోండి. పేరు చేతికి రాకముందు లెటర్‌హెడ్ అచ్చేయించకండి. పత్రికలకి పోస్టు రాయితీ ఎలా ఉందో, త్రైమాసికానికి ఏ రేటు పడుతుందో మీ హెడ్ పోస్టాఫీసులో అడిగి, కాగితం బరువు ఆ తర్వాత ఖరారు చేయండి. నాలుగు గ్రాములు పెరిగి శ్లాబు దాటితే ఏడాదంతా ఆ భారం మోయాలి.

అబ్బాయి మాట కొట్టిపారేయకండి. అమెరికా తెలుగువాళ్ళు మొదలుపెట్టిన ఈమాట 1998 నుంచి ఇంటర్నెట్‌లోనే ఉంది, మంచి కథలు అక్కడా వచ్చాయి. కానీ మీకు కావాల్సింది అచ్చు పుస్తకం, మీ ఉత్తరం నిండా అదే ఉంది. అబ్బాయికి చందాల పుస్తకం అప్పజెప్పండి. ఫోన్‌లో డబ్బు అందగానే రసీదు వెళ్ళాలి, సంచిక పోస్టు చేసిన రోజున చందాదారుకి మెసేజ్ వెళ్ళాలి, చందా అయిపోయే ముందు గుర్తుచేయాలి. మేము పాతికమందిమి చేసిన పని అతను ఫోన్‌లో చేస్తాడు. ప్రతి సంచిక నుంచి ఒక కథ ఇంటర్నెట్‌లో ఊరికే చదవనివ్వండి, కొత్త చందాలు అక్కణ్ణుంచే వస్తాయి.

500 మంది ఎక్కడ దొరుకుతారని భయపడకండి. పాతికేళ్ళలో మీ దగ్గర తెలుగు చదువుకున్న పిల్లలు ఎన్ని వేలమందో లెక్క వేయండి. వాళ్ళిప్పుడు హైదరాబాదులో, బెంగుళూరులో, డల్లాస్‌లో ఉంటారు. నాగేశ్వరరావు పంతులుగారికి అమృతాంజనం ఎలాగో మీకు వాళ్ళు అలాగ. పాత హాజరుపట్టీల్లో పేర్లు రాసుకోవడంతో ఈ వారమే మొదలుపెట్టండి. తెనాలి పేరు మీద ఇంకొక ధైర్యం కూడా ఉంది: ఒకప్పుడు మీ ఊళ్ళో జ్యోతి నడిపిన ఆలపాటి రవీంద్రనాథ్‌గారు చివరి రోజుల్లో, 1990లో, హైదరాబాదులో మిసిమి పత్రిక మొదలుపెట్టారు. ఆయన పోయాక కూడా అది ఏళ్ళ తరబడి వచ్చింది.

మీ ఖాతా తెరిచాక నాకొక ఉత్తరం రాయండి, 600 పంపుతాను. రసీదు మీద నంబరు వేయడం మర్చిపోవద్దు.